రెండు సెకన్లు

వైఫై అమ్మాయి మూడో వార్డులో అడుగు పెట్టేసరికి ట్యాబులన్నీ మాయమయ్యాయి. ఒకటి మడతపెట్టిన దుప్పట్ల కిందికి పోయింది. ఒకటి మందుల ట్రాలీ అడుగు అరలోకి జారింది. మూడోదాన్ని బక్క సిస్టర్ వీపు వెనక దాచుకుంది గానీ, మనిషి మరీ బక్క కావడంతో దాని అంచులు రెండు పక్కలా కనపడుతూనే ఉన్నాయి.

వైఫై అమ్మాయంటే ముప్పై నాలుగేళ్ల మనిషి. ఆస్పత్రి నెట్‌వర్క్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. వైరు చుట్ట భుజాన వేసుకుని నిచ్చెనెక్కే ఆడమనిషి ఆ ఆస్పత్రి మొత్తానికి ఆమె ఒక్కతే కాబట్టి ఆ పేరు అంటుకుంది. ఆవేళ మాత్రం వైర్లు లేవు. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు.

"లాగిన్‌కి ఎంతసేపు పడుతోందో చూడమన్నారు. మీ పని మీరు చేసుకోండి, నేనిలా పక్కన నిలబడతాను," అంది.

"బ్రహ్మాండంగా ఉందండీ. ఇలా నొక్కితే అలా వచ్చేస్తోంది," అంది బక్క సిస్టర్, ఒక్క అడుగు కూడా కదలకుండా.

"ఏదీ, ఒకసారి నొక్కండి."

సిస్టర్ ట్యాబును వీపుకి ఇంకాస్త అదుముకుంది. అవతలి మంచం మీది ముసలాయన నవ్వాడు. రోజూ చూస్తున్నవాడు కదా.

ఆ ఆస్పత్రిలో ట్యాబులో రాయందే రోగికి ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. ట్యాబు తెరవాలంటే ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు కొట్టాలి. కొట్టింది గాల్లోంచి పైకప్పుకున్న తెల్ల పెట్టెకి చేరుతుంది. అక్కణ్నుంచి వైరు పట్టుకుని కింద నేలమాళిగలో ఉన్న సర్వర్‌కి పోతుంది. నువ్వు నువ్వేనా అని సర్వర్ అడిగి, అవునని తేల్చుకున్నాకే లోపలికి రానిస్తుంది. ట్యాబు పట్టుకుని నాలుగడుగులు వేసి ఇంకో పెట్టె కిందికి వెళితే మళ్లీ అదే ప్రశ్న మొదటికొస్తుంది. ఆస్పత్రిలో అలాంటి పెట్టెలు నూటపది. జవాబు చెప్పే సర్వర్ ఒక్కటి.

లాగిన్ అవ్వడానికి తల ప్రాణం తోకకొస్తోందని వార్డులనుంచి ఫిర్యాదులు వెళ్లాయి. సర్వర్ లెక్కలు చూస్తే సగటున రెండు సెకన్లని ఉంది. సూపరింటెండెంట్ గారు రెండూ ముందు పెట్టుకుని, ఇందులో ఏదో ఒకటి అబద్ధం, తేల్చండి అన్నారు. నెట్‌వర్క్ విభాగానికి పెద్ద అయిన సారు ఆ పని ఆమెకి అప్పగించారు.

మొదటి రోజు ఆమె ఎనిమిది గంటలు నిలబడి ఒక్క లాగిన్ కూడా చూడలేకపోయింది. పనంతా జరుగుతోంది, మందులు ఇస్తున్నారు, ట్యాబులో ఎక్కిస్తున్నారు, కానీ ఎవరూ పాస్‌వర్డ్ కొట్టడం లేదు. ట్రాలీ పక్కనుంచి వెళ్లే ప్రతి సిస్టరూ దారిలో ఒక వేలు ట్యాబు మీద తట్టి వెళుతోంది. రాసేదేమీ లేదు, ఊరికే తట్టడం. ఇంకోటి కూడా కనిపెట్టిందామె. వార్డు మధ్యలో, తొమ్మిదో మంచానికీ పదో మంచానికీ నడుమ నేల మీద, కట్లు కట్టే తెల్ల ప్లాస్టర్ ముక్క అడ్డంగా అంటించి ఉంది. ట్రాలీని ఆ గీత దగ్గర ఆపి, అవతలి మంచాలకి మందులు చేత్తో పట్టుకెళుతున్నారు తప్ప ట్యాబును గీత దాటించడం లేదు.

మధ్యాహ్నం అందరూ అటు తిరిగినప్పుడు, ఆమె సిగ్నల్ కొలిచే మీటర్ పట్టుకుని ఆ గీత మీంచి నడిచింది. సరిగ్గా ప్లాస్టర్ మీద కాలు పెట్టగానే మీటర్లో పెట్టె నంబరు మారింది. ఆమె వెనక్కి వచ్చి మళ్లీ నడిచింది. ఒక్క జానెడు కూడా తేడా లేదు. విభాగం గీసిన పటంలో ఆ సరిహద్దు నాలుగు గజాల అవతల ఉంది. మీటర్లూ పటాలూ లేని మనుషులు కాళ్లతో కొలిచి పెట్టిన గీత అది. ఆమెకి భలే ముచ్చటేసింది.

ఎదురుగా తాళం అక్క నిలబడి చూస్తోంది.

ఆ వార్డుకి పెద్ద నర్సు ఆవిడ. పంతొమ్మిదేళ్ల సర్వీసు. నుదుటి దగ్గర నెరిసిన పాయ, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, చెప్పులు చప్పుడు కాకుండా నడిచే అలవాటు. అందరూ తాళం అక్క అనే పిలుస్తారు. ఎందుకో వైఫై అమ్మాయికి అప్పటికి తెలీదు.

"అడ్డమైన చోట్లా కాకుండా సరిగ్గా దాని మీదే నడిచావే," అంది అక్క. "రా అమ్మాయ్, కూచుందువుగాని. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."

దుప్పట్లు పెట్టే గదిలో ఒక స్టూలూ, బోర్లించిన బకెట్టూ ఉన్నాయి. స్టూలు ఆమెకిచ్చి అక్క బకెట్టు మీద కూచుంది. ఫ్లాస్కులో టీ రెండు మూతల్లోకి వంచింది.

"నిజం చెప్తే ఏం చేస్తావు?"

"పైవాళ్లకి చూపించి బాగుచేయిస్తాను."

"పేర్లు రాస్తావా?"

"రాయనక్కా. ఒట్టు."

అక్క టీ ఒక గుక్క తాగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. డ్యూటీ మారేది ఎనిమిదికి. ఎనిమిదికి మూడు వందలమంది ఒక్కసారి లాగిన్ కొడతారు. తెర మీద చిన్న చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గానుగ. గానుగ నిమిషం తిరుగుతుంది, నిమిషంన్నర తిరుగుతుంది, చివరికి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అవతల మంచం మీద మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటాడు, చేతిలో ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది, ఇవ్వడానికి లేదు. అందుకని తాను ఏడూ పదికే వచ్చేస్తుంది. అప్పటికి సర్వర్ ఖాళీ కాబట్టి రెండు సెకన్లలో తెరుచుకుంటుంది. ఆ రోజంతా వార్డులో అందరూ ఆవిడ పేరు మీదే రాస్తారు. పది నిమిషాలు ముట్టుకోకపోతే మూసుకుపోతుంది కాబట్టి వెళ్తూ వస్తూ తడుతుంటారు. గీత దాటితే గానుగే కాబట్టి దాటించరు.

"అంటే పన్నెండుమంది మీ ఒక్కరి పేరు మీద..."

"తాళం అక్కని కదా మరి," అని నవ్వింది. "నవ్వుతున్నాను గానీ అమ్మాయ్, రోజూ ఇంటికెళ్లేటప్పుడు గుండెల్లో దడే. ఎవరు ఏ మందు ఎక్కువ రాసినా నా మెడకే. అయినా ఏం చేస్తాం? ఆ మంచం మీద ఉన్నవాడికి సర్వర్ అంటే తెలీదుగా."

మర్నాడు పొద్దున ఆమె కోసం వార్డంతా నిజంగా లాగిన్ అయి చూపించారు. ఎనిమిదింటికి ఒక్కొక్కరే ఎవరి పేరు వాళ్లు కొట్టారు. ఆమె స్టాప్‌వాచ్ నొక్కుతూ రాసుకుంది. నలభై ఏడు. యాభై మూడు. డెబ్బై. నూట పది. బక్క సిస్టర్ తనది గెలిచిందని చప్పట్లు కొట్టింది. ముప్పై ప్రయత్నాల్లో తొమ్మిది మధ్యలోనే వదిలేశారు. అలా వదిలేసినవి సర్వర్ లెక్కలోకే ఎక్కవని ఆ సాయంత్రం ఆమె చూసి తెలుసుకుంది. ఏడూ పదికి తెరిచే తాళం అక్కలు వార్డుకొకరున్నారు. మిగతా చోట్ల ఎనిమిదింటికి కొట్టేవాళ్లు విసిగి వదిలేసి ఆ తాళంతోనే కానిచ్చేస్తారు కాబట్టి, లెక్కకి దాదాపు ఆ లాగిన్లే ఎక్కుతున్నాయి. రెండు సెకన్ల సగటు అక్కణ్నుంచి వచ్చింది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. సర్వర్ తనకి తెలిసిందే చెప్పింది.

రెండు రోజులు కూచుని పన్నెండు పేజీల రిపోర్టు రాసిందామె. మొదటి పదకొండు పేజీలూ కొలతలు, కారణాలు, చేయాల్సిన పనులు. రెండో సర్వర్ పెట్టాలి. ఒక పెట్టె దగ్గర సరేనన్న మనిషిని పక్క పెట్టె మళ్లీ మొదట్నుంచీ అడగకుండా అమర్చాలి. ఈ రెండో పని ఇప్పుడున్న పెట్టెల్లోనే చేయొచ్చు, ఎవరూ చేయలేదంతే. పన్నెండో పేజీలో, లెక్కల్లో రెండు సెకన్లు ఎందుకు కనపడుతోందో వివరించింది. ఒక ఉదాహరణ వేసింది. పేరు రాయలేదు. ట్యాబ్ నంబర్ పద్నాలుగు, ఉదయం ఏడూ పది, ఒక్క లాగిన్, పన్నెండుమంది వాడకం.

నంబరూ టైమూ వేయకుండా కొలత రాయడం ఆమెకి చేతకాదు. తొమ్మిదేళ్ల కింద సారు నేర్పిన మొదటి పాఠం అది. వైరు కోయడం, కొనకు ప్లగ్గు బిగించడం, నిచ్చెన మీద చేతులు వదిలి నిలబడడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. "పరికరం నంబరూ టైమూ లేని కొలత పుకారమ్మా," అనేవారాయన. ఆ మాటని నెత్తిన పెట్టుకుని తిరిగింది.

సారు రిపోర్టు పన్నెండు పేజీలూ ఆమె ఎదుటే చదివారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేనుండగా ఈ విభాగంలో ఇలాంటి పని ఎవరూ చేయలేదు," అన్నారు. "నా బిడ్డవనిపించావు."

ఆ మాటకి ఆమెకి కళ్లు చెమర్చాయి. కింద సంతకం పెట్టి ఇచ్చేసి, ఇంటికెళ్లే దారంతా నవ్వుకుంటూ వెళ్లింది.

సోమవారం ఆమె మూడో వార్డుకి వెళ్లింది. స్టాప్‌వాచ్ లేదు, బిస్కెట్ల పొట్లం ఉంది. బకెట్టు మీద కూచుని టీ తాగుదామనుకుంది. వార్డులో ఎవరూ ట్యాబులు దాచలేదు. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

"అక్క ఏదీ?" అని అడిగింది బక్క సిస్టర్ని.

సిస్టర్ ఇంజెక్షన్ ట్రేలో సూదులు సర్దుతూ ఉంది. సర్దినవే మళ్లీ సర్దింది. "మీకు తెలీదా?" అంది. "సస్పెండ్ చేశారు. శుక్రవారం సాయంత్రం, డ్యూటీ మధ్యలో పిలిచి కాగితం చేతిలో పెట్టారు. పాస్‌వర్డ్ పంచుకున్నందుకు. విచారణ గురువారమట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పుడు చెప్తారట."

"ఎవరు చెప్పారు పాస్‌వర్డ్ సంగతి?"

సిస్టర్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "మీ సంతకం ఉందండీ దాని మీద."

గోడకి అంటించిన ఉత్తర్వు కింద ఒక పేజీ జతచేసి ఉంది. పన్నెండో పేజీ. దానికి కొత్త శీర్షిక పెట్టారు. 'లాగిన్ ఆలస్యంపై పరిశీలన: సిబ్బంది నియమాలు ఉల్లంఘించడం వల్లే ఇబ్బందులు.' ట్యాబ్ నంబర్ పద్నాలుగు. ఏడూ పది. కింద ఆమె సంతకం, తేదీతో సహా. మొదటి పదకొండు పేజీలు ఎక్కడా లేవు. ఆమె ట్రాలీ పట్టుకుని నిలబడింది.

సారు గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన బల్ల మీద పాత వైరు కత్తెర ఉంది, ఆమె మొదటిసారి పట్టుకున్నది.

"నేను ఒక్క అక్షరం మార్చలేదమ్మా," అన్నారు సారు, ఆమె నోరు తెరవకముందే.

"తీసేశారు కదా సార్. పదకొండు పేజీలు."

"పొడుగు రిపోర్టులు ఎవరు చదువుతారు? సూపరింటెండెంట్ గారికి ఒక పేజీ చాలు."

"ఆ ఒక్క పేజీ అదే ఎందుకవ్వాలి? పక్క పెట్టెకి చెప్పే అమరిక మనం పెట్టలేదని రాశాను. అది పంపొచ్చుగా?"

సారు కత్తెర తీసుకుని తెరిచి మూశారు. ఆరేళ్ల కింద ఆ పెట్టెలు ఎక్కించింది ఆయనే. ఒక్క సర్వర్ చాలని రాసిచ్చింది కూడా ఆయనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నాకింకా రెండేళ్లుంది సర్వీసు. చేతగానివాడనిపించుకుని దిగిపొమ్మంటావా?" అన్నారు మెల్లగా. "అయినా ఆవిడ తప్పు చేయలేదా? చేసింది. నువ్వే రాశావు. నంబరూ టైమూ వేసి, ముద్దుగా."

చెంప మీద కొట్టినా ఆమెకి అంత నొప్పి పుట్టేది కాదు. తిట్టాలని నోటిదాకా వచ్చింది, కానీ ఈ మనిషిని తిట్టే మాటలు ఆమె ఎన్నడూ కూడబెట్టుకోలేదు. వచ్చేసింది.

ఇంట్లో అత్తగారు నేల మీద కూచుని బఠాణీలు వలుస్తోంది. కోడలు చెప్పులు విడిచిన తీరు చూసే ఏదో అయిందని పట్టేసింది. "ఏమైందే, ముఖం అలా మాడ్చుకున్నావ్?" అంది. ఆమె పక్కన కూలబడి, కాయలు వలుస్తూ అంతా చెప్పింది. గింజలు పొట్టులోనూ, పొట్టు గింజల్లోనూ పడేసింది.

"పేరు రాయలేదత్తయ్యా. ఒట్టేశానని, ఎక్కడా రాయలేదు."

అత్తగారు పొట్టులోంచి గింజలు ఏరుతూ, "పేరు రాయలేదు సరే. ఇంటి నంబరు రాశావు, ఏ టైముకి ఇంట్లో ఉంటుందో కూడా రాశావు. ఇంకేం మిగిలిందే?" అంది.

ఆమె ఏడ్చింది. సారు చేసిన దానికి వచ్చిన ఏడుపులో తన మీద ఏడుపు కూడా కలిసిపోయింది. అత్తగారు ఊరుకోబెట్టలేదు. గిన్నె తన వైపు లాక్కుని, "ఆ మిగతా కాగితాలు నీ దగ్గరున్నాయా?" అని మాత్రం అడిగింది.

మంగళ, బుధవారాలు ఆమె అక్కకి ఫోన్ చేస్తూనే ఉంది. మోగి మోగి ఆగిపోయేది.

గురువారం పొద్దున ఏడున్నరకి విచారణ. రౌండ్స్‌కి వెళ్లేలోపు తేల్చేయాలని సూపరింటెండెంట్ గారు ఆ టైము పెట్టారు. పొడుగుబల్లకి ఒక పక్క ఆయన, మేట్రన్, సారు. రెండో పక్క ఇంటి బట్టల్లో తాళం అక్క. యూనిఫాం లేకుండా ఆవిడ చిన్నగా కనిపించింది. తలుపు తోసుకుని వచ్చినదాన్ని చూసి సూపరింటెండెంట్ గారు కనుబొమలు ముడిచారు.

"మీరెవరు? మిమ్మల్ని పిలవలేదే."

"పన్నెండో పేజీ రాసినదాన్ని సార్. మిగతా పదకొండు తెచ్చాను."

సారు కుర్చీలో కదిలి, "ఆ అమ్మాయి కాస్త ఆవేశపడుతోందండి, నేను మాట్లాడతాను," అన్నారు. సూపరింటెండెంట్ గారు కాగితాలు అందుకుని బరువు చూసినట్టు చేత్తో ఊపి కింద పెట్టారు. అంకెలంటే ఆయనకి విసుగు. కడుపు నొక్కి చూసి జబ్బు చెప్పే రకం.

"ఇవన్నీ నాకర్థం కావు. అసలు గొడవేంటి?"

"ఇంకో ఇరవై నిమిషాల్లో ఎనిమిదవుతుంది సార్. మూడో వార్డు పక్కనే. సారుని తన పేరుతో లాగిన్ అవ్వమనండి, చాలు."

అందరూ వెళ్లారు. అక్కని కూడా రమ్మన్నారు. వార్డులో డ్యూటీ దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ గోడకి ఒదిగి నిలబడ్డారు. తొమ్మిదో మంచం మీది ముసలాయనకి ఎనిమిదింటి ఇంజెక్షన్ టైము. బక్క సిస్టర్ ట్రే పట్టుకుని సిద్ధంగా ఉంది. సారు పద్నాలుగో నంబరు ట్యాబు తీసుకుని తన పేరు కొట్టారు.

గానుగ మొదలైంది.

సూపరింటెండెంట్ గారు చేతి గడియారం చూసుకుంటున్నారు. పది సెకన్లు గడిచాయి. ఇరవై గడిచాయి. సారు ట్యాబును కాస్త పైకెత్తి పట్టుకున్నారు, ఎత్తితే త్వరగా వస్తుందేమోనన్నట్టు. తొమ్మిదేళ్లలో ఆయన అలా చేయగా ఆమె చూడలేదు. ముసలాయన చొక్కా చెయ్యి మడిచి ఎదురుచూస్తున్నాడు.

"ఇప్పుడు మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది," అంది తాళం అక్క, ఎవరికీ కాకుండా. నేల చూస్తూ అంది.

అడిగింది. సారు కొట్టారు. వేలు తప్పింది. మళ్లీ కొట్టారు. తెరుచుకునేసరికి నిమిషం ముప్పై నాలుగు సెకన్లు. హమ్మయ్య అనుకుంటూ ఆయన ముసలాయన పేరు నొక్కబోతే, "పదో మంచం దాకా పట్టుకెళ్లండి సార్, అక్కడున్నావిడక్కూడా ఇవ్వాలి," అంది వైఫై అమ్మాయి. నాలుగడుగులు. ప్లాస్టర్ గీత దాటారు. తెర నల్లబడి, గానుగ మళ్లీ మొదలైంది.

"బాబూ, నా సూది సంగతి చూడండి ముందు," అన్నాడు ముసలాయన.

ఎవరో కిసుక్కున నవ్వారు. సూపరింటెండెంట్ గారు నవ్వలేదు. "చాలు," అన్నారు. తర్వాత అక్క వైపు తిరిగి, "ఇంత ఘోరంగా ఉంటే మొదటే చెప్పొచ్చు కదమ్మా? దొంగతనంగా చేసేబదులు?" అన్నారు.

"చెప్పాను సార్," అంది అక్క. "ఈ అమ్మాయికి చెప్పాను."

గొంతులో కోపం లేదు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పినట్టే చెప్పింది. వైఫై అమ్మాయికి మాత్రం అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

సస్పెన్షన్ ఆ పూటే ఎత్తేశారు. కానీ నియమం నియమమే కాబట్టి హెచ్చరిక కాగితం ఒకటి అక్క సర్వీసు ఫైల్లో ఉంటుందన్నారు. ఇకమీదట ఎవరి పేరు వాళ్లే కొట్టాలన్నారు, ఎంతసేపైనా సరే. నెట్‌వర్క్ బాగుచేయడానికి ఒక కమిటీ వేశారు. దాన్ని నడిపేది సారే. అంత అనుభవం ఉన్నవాళ్లు ఇంకెవరున్నారని మేట్రన్ కూడా అంది.

సాయంత్రం సారు ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. ఏమీ జరగనట్టే భుజం తట్టారు. "చూశావా, మన రిపోర్టు చివరికి పని చేసింది," అన్నారు. ఆమె పదకొండు పేజీలకి ఆయన కొత్త అట్ట వేయించారు. అట్ట మీద ఆయన పేరు ఉంది. "బాగుచేసేముందు నెల రోజుల కొలతలు కావాలన్నారు. మూడో వార్డుతో మొదలుపెట్టు. ప్రతి లాగిన్‌కీ ఎంత పట్టిందో సిస్టర్లని అడిగి, వాళ్ల మాటల్లోనే రాయాలి. కమిటీ ఫారం అది."

ఆమె భుజం మీది చేతిని చూసింది. తీసేయమనలేదు. ఆయనే తీసేదాకా కదలకుండా కూచుని, తర్వాత భుజం దులుపుకుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె ఫారాల కట్ట పట్టుకుని వార్డుకి వెళ్లింది. తొమ్మిదో మంచానికీ పదో మంచానికీ నడుమ నేల ఖాళీగా ఉంది. ప్లాస్టర్ పీకేశారు. దాని జిగురు మరక మాత్రం మిగిలింది. ఎవరూ ట్యాబులు తట్టడం లేదు. సిస్టర్లంతా తలో ట్యాబు పట్టుకుని, తలలు వంచుకుని, గానుగ వైపు చూస్తూ వరసగా నిలబడి ఉన్నారు. మంచాల మీదనుంచి మూలుగులు వినపడుతున్నాయి.

తాళం అక్క కిటికీ పక్కన ఉంది. యూనిఫాం ఇస్త్రీ మడతలు నలగలేదు. ఏడూ పదికి రాలేదన్నమాట, అందరిలాగే వచ్చింది. చేతిలో పద్నాలుగో నంబరు.

"అక్కా," అంది వైఫై అమ్మాయి. దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. "అక్కా, నేను కావాలని..."

"చెప్పండి మేడం," అంది అక్క.

పిలుపు వినగానే ఆమెకి అర్థమైంది. మొదటి రోజే అమ్మాయ్ అంటూ చనువుగా పిలిచి, స్టూలు తనకిచ్చి బకెట్టు మీద కూచున్న మనిషి. ఇప్పుడు అండీ, మేడం. ఆమె ఫారం తీసింది. అది తప్ప అక్కడ నిలబడడానికి ఇంకో కారణం మిగల్లేదు.

"లాగిన్‌కి... ఎంతసేపు పడుతోందండీ?"

"రెండు సెకన్లు."

అక్క చేతిలో గానుగ తిరుగుతూనే ఉంది. వైఫై అమ్మాయి మెడలో స్టాప్‌వాచ్ నలభై దాటింది. నొక్కినట్టు ఆమెకే గుర్తులేదు.

"అక్కా, ఇంకా తిరుగుతోంది కదా."

"లేదండీ. చాలా బాగుంది ఇప్పుడు," అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా. "రెండే సెకన్లు. రాసుకోండి మేడం. ట్యాబ్ నంబర్ పద్నాలుగు. టైము కూడా వేసుకోండి."